అవతలి ఒడ్డు గోతాలు

ఒడ్డు విరిగితే పెద్ద చప్పుడేమీ రాదు. కొత్తవాళ్ళు ఉరుములా ఉంటుందనుకుంటారు గానీ అదేం లేదు. బరువైన మూట ఏదో నీళ్ళలోకి జారవిడిచినట్టు దబ్బుమని ఒక్క శబ్దం, ఆ తర్వాత కాసేపు నురగ, అంతే. మన మొక్కలత్త ఆ చప్పుడు నిద్రలో కూడా పోల్చుకునేది. చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి, కొంగు నడుముకు బిగించి, పెరటి చివరిదాకా వెళ్ళి ఈసారి ఏం పోయిందో చూసుకునేది. మందారాల వరసా, మెట్టతామర మడా, అంటుమొక్కల పందిరి మూలా? చూసుకున్నాక రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని అవతలి ఒడ్డుకేసి తిరిగి గొంతెత్తేది.

"తిను తల్లీ, తిను. ఇంకో ముద్ద పడింది నీకు. బాగా అరిగించుకో."

అవతలి ఒడ్డున టీ కొట్టు ముందు నిలబడి ఉండేది ఆడపడుచు, అంటే మొక్కలత్త మొగుడికి స్వయానా చెల్లెలు. మాటలు చెవిన పడ్డాయా లేదా అన్నది గాలి వాటాన్ని బట్టి ఉండేది గానీ, వదిన చేతులు నడుం మీదికి వెళ్ళడం కనిపిస్తే చాలు, కబురు అందినట్టే. టీ వడగట్టే గుడ్డ తీసి ఒకసారి గాల్లో ఊపేది. మర్నాడు పడవలో ఒక గోతం దిగేది. నిండా మెత్తటి ఒండ్రు మట్టి, మూతి పురికొసతో బిగించి కట్టి ఉండేది. పడవ నడిపే సరంగు దాన్ని భుజాన మోసుకొచ్చి కుండీల పక్కన దించి, మీ మట్టి మీకేనట అత్తా, మీ ఆడపడుచు చెప్పమంది, అని చేతులు దులుపుకునేవాడు. నాది నాకు పంపడానికి మళ్ళీ అంత గొప్పేమిటో అని మొక్కలత్త మూతి తిప్పేది. గోతం ముడి మాత్రం సరంగు గడప దాటకముందే విప్పేది.

వదినామరదళ్ళ మధ్య ఇదొక ఆనవాయితీ అయిపోయింది. ఒడ్డు విరగడం, ఇక్కడినుంచి తిట్టు వెళ్ళడం, అక్కడినుంచి గోతం రావడం. చూసేవాళ్ళకు దెబ్బలాటలా ఉండేది. వాళ్ళిద్దరూ దెబ్బలాడుకుంటున్నారని అనుకున్నవాడు ఒట్టి వెర్రివాడు.

అసలు మొక్కలత్త సంగతి ముందు చెప్పుకోవాలి. ఆవిడకు ఓ పేరుంది, ఎవరికీ గుర్తులేదు. పెద్దా చిన్నా అందరికీ మొక్కలత్తే. ఇంటి వెనక పెరడంతా మొక్కల తోట. విత్తనం నాటడం, కొమ్మ విరిచి వేరు పోయించడం, అంటు కట్టడం, నారు పోయడం, అన్నీ తన చేతుల మీదుగానే. కుండీలన్నిటికీ మూతి చుట్టూ ఓ నీలం గీత ఉండేది. మొగుడు తాపీమేస్త్రీ. ఎవరింటికో సున్నాలు వేయగా మిగిలిన నీలం రంగు ఓ రోజు ఇంటికి తెచ్చి, ఊరికే పోతుందని కుండీలకు గీతలు గీశాడు. అప్పటినుంచీ ఆ గీత లేని కుండీ ఆ ఇంటి గుమ్మం దాటలేదు.

మొక్క కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది. మీ కిటికీ ఎటువైపుంది, ఎండ పొద్దున పడుతుందా సాయంత్రమా, నీళ్ళు ఎవరు పోస్తారు, మీరు ఊరెళితే ఎవరు పోస్తారు? పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయిని కూడా ఎవరూ అన్ని ప్రశ్నలు వేయరు. గులాబీ కావాలని వచ్చిన ఓ పెద్దమనిషిని, మీ ముఖం చూస్తే నీళ్ళు పోసేవారిలా లేరండీ, కలబంద పట్టుకెళ్ళండి, అది మీలాంటివాళ్ళతో కూడా బతుకుతుంది, అని పంపించేసింది. ఆయన కోపం తెచ్చుకోవలసింది పోయి కలబంద పట్టుకుని వెళ్ళాడు. తర్వాత ఏడాది వచ్చి ఇంకోటి పట్టుకెళ్ళాడు.

నోరు అలాంటిది గానీ చెయ్యి బంగారం. ఆవిడ దగ్గర కొన్న మొక్క చావదని పేరు. అందులో సగం గొప్పతనం మట్టిది. తన పెరటి ఎర్రమట్టి, మాగిన పేడ, అవతలినుంచి వచ్చిన ఒండ్రు కలిపి, గడ్డలు లేకుండా చేత్తో నలిపి, అప్పుడు కుండీ నింపేది. ఒండ్రు లేకపోతే ఎర్రమట్టి గట్టిబడి రాయైపోతుంది, వేరు ఊపిరాడక చస్తుంది.

ఇంకో సంగతి. ఆవిడ ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకునే మనిషి కాదు. పక్కింటావిడ గిన్నెలో కూర పెట్టి పంపితే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళేది కాదు, అందులో ఓ మొలక కూర్చుని వెళ్ళేది. మళ్ళీ కూర, మళ్ళీ మొలక. చివరికి పక్కింటావిడ ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేక, పాపం, కూరలు పంపడం మానేసింది. ఓసారి మొక్కలత్తకు జ్వరం తగిలితే ఆడపడుచు కొట్టు మూసుకుని వచ్చి, ఆవిడ లేచి తిరిగేదాకా దగ్గరుండి గంజి పట్టింది. లేచీ లేవగానే ఈవిడ చేసిన పనల్లా పడవ నిండా క్రోటన్ కుండీలు అవతలికి తోలడం. టీ తాగడానికి వచ్చినవాళ్ళు బల్ల మీద చోటు లేక కుండీల మధ్య నిలబడి తాగారట. పొగరు కాదు అది. చిన్నప్పుడు ఎవరి పంచనో పెరిగిన పిల్ల. తిన్న ప్రతి ముద్దకూ ఓ మాట పడింది. ఆ మాటలు ఒంట్లో ఉండిపోయాయి, ఏం చేస్తాం.

మరి ఏదీ పుచ్చుకోని మనిషి ఆ గోతాలు ఎలా పుచ్చుకుంది అంటారా? అక్కడే ఉంది కథంతా.

నది ఆ ఇంటి దగ్గర వంపు తిరుగుతుంది. వంపు బయటివైపు మొక్కలత్త ఇల్లు, లోపలివైపు ఆడపడుచు కొట్టు. బయటివైపు నీళ్ళకు ఉరవడి ఎక్కువ. ఒడ్డును పైనుంచి కాదు, అడుగునుంచి తొలుస్తాయి. పైన గడ్డీ మొక్కా నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తాయి, కింద అంతా డొల్ల. ఓ రోజు ఉన్నట్టుండి కూర్చుండిపోతుంది. లోపలివైపు నీళ్ళు నింపాదిగా పోతాయి. మోసుకొచ్చిన బరువంతా అక్కడ దించుకుంటాయి. మేట మొదట్లో గులక, ఆ వెనక ఇసుక, తోక దగ్గర మెత్తటి ఒండ్రు. ఒక ఒడ్డు తరుగుతున్నకొద్దీ ఎదుటి ఒడ్డు మేట పెరుగుతూ వస్తుంది. చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఇక్కడ పోయిందే అక్కడికి చేరిందనిపిస్తుంది.

మొట్టమొదటిసారి పెరడు విరిగినప్పుడు ఆవిడ కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల. తను నాటిన మొదటి మందారాలు పోయాయి. ఒడ్డున కూలబడి ఏడ్చింది. మేస్త్రీకి ఏడిచే మనిషిని ఊరుకోబెట్టడం చేతకాదు, నవ్వించడమే వచ్చు. పక్కన కూర్చుని, అవతలి ఒడ్డు చూపించి, "ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా. మా చెల్లెలికి నేను ఎటూ ఏమీ పెట్టలేకపోయాను, నది మోసుకెళ్ళి పెడుతోంది. ఇంట్లోదే కదా, ఇంట్లోనే ఉంది," అన్నాడు. ఆడపడుచు అప్పుడు అక్కడే ఉంది. పెళ్ళి చేసుకోనని భీష్మించుకుని అవతలి రేవులో కొత్తగా టీ కొట్టు పెట్టుకున్న రోజులవి. అన్న మాట పట్టుకుని, అయితే నీ మట్టి నీకు పంపిస్తాలే వదినా అంది. మర్నాడు మొదటి గోతం వచ్చింది. కళ్ళు తుడుచుకుని ఈవిడ నవ్వింది.

మట్టి పట్టుకు చూసి అది ఏ గట్టుదో చెప్పగల మనిషి, తన పెరడు ఎర్రగా ఉండి గోతంలో మట్టి బూడిదరంగులో ఉంటే అనుమానం రాలేదా అని మీరు అడగొచ్చు. సరంగు ఓసారి అడిగాడు కూడా. నీళ్ళలో అన్నాళ్ళు నానితే ఏ రంగైనా వెలుస్తుంది, నీ చొక్కా వెలవలేదా, అని ఒక్క మాటతో వాడి నోరు మూయించింది. అసలు సంగతేమిటంటే ఆవిడకు అది నమ్మాలని ఉంది. పోయిందనుకోవడం కంటే ఇంట్లోనే ఉందనుకోవడం హాయి. పైగా చెప్పినవాడు మొగుడు.

మేస్త్రీ చనిపోయిన ఏడే పెద్ద వరద వచ్చింది. పెరటి చివర నీళ్ళలోకి దిగడానికి ఆయన తన చేతులతో కట్టిన ఇటుక మెట్లుండేవి. సాయంత్రం పని దించుకుని ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చునేవారు. వరద మెట్లను ఊడబెరుక్కుపోయింది. పిల్లాజెల్లా లేని ఇల్లు, మొగుడు లేడు, ఆయన కట్టిన మెట్లూ లేవు. ఆడపడుచు పరామర్శకు వస్తే, ఆ దుఃఖంలో ఈవిడ నోరు జారింది. "ఆ మెట్లు కూడా కావలసొచ్చాయటే నీకు? ఇక నీ ఒడ్డున కాలు పెడితే ఒట్టు," అంది. అది కోపం కాదని ఇద్దరికీ తెలుసు. కానీ ఒట్టు ఒట్టే. ఆనాటినుంచీ ఆడపడుచే ఇటు వచ్చేది తప్ప ఈవిడ పడవెక్కింది లేదు.

ఇలా ఉండగా నది మాత్రం తన పని తను చేసుకుపోయింది. పోయి పోయి పగులు వంటింటి గోడ దాకా వచ్చింది. ముందు నేల మీద సన్నగా వెంట్రుకలా కనిపించింది. మొక్కలత్త దాని మీద మట్టి కప్పింది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ కప్పింది. తర్వాత గోడలోకి ఎక్కింది, వేలు పట్టేంత అయింది. ఆ వరసలో ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కళ్ళే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. రెవెన్యూ ఆఫీసువాళ్ళు వచ్చి ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పారు. వెనక్కి జరుగుదామంటే ఇంటి ముందు రోడ్డు, రోడ్డుకు అవతల వేరేవాళ్ళ గోడలు. వాన మబ్బులు పట్టేలోగా ఎటో ఒకవైపు వెళ్ళాలి. వెళ్ళడానికి ఈ లోకంలో ఆవిడకు ఉన్న చోటు ఒక్కటే, ఆ ఒక్కచోటికీ వెళ్ళనంటుంది.

ఆడపడుచు వచ్చి గడప మీద చతికిలబడి బతిమాలింది. కొట్టు వెనక గది కడిగి సున్నం వేయించాను, కుండీలు పెట్టుకోవడానికి బోలెడంత చోటుంది, వచ్చెయ్ వదినా, అంది. మొక్కలత్త అంటు కడుతున్న కొమ్మమీదినుంచి చూపు తిప్పలేదు. నాది తిని కూర్చున్న ఒడ్డున నేను పోయి చుట్టంలా ఉండాలా, అంది. ఆడపడుచుకు ఒళ్ళు మండింది. నువ్వూ నీ అభిమానమూ కలిసి ఓ రోజు నీళ్ళలో పడండి, అప్పుడు వచ్చి ఏరుకుంటాను, అని విసురుగా లేచి వెళ్ళింది. పడవలో కూర్చున్నాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందని సరంగు చెప్పాడు. ఇక్కడ ఆ రోజు ఈవిడ కట్టిన అంటు కూడా పట్టలేదు. ఆ చేత్తో కట్టిన అంటు పట్టకపోవడం ఎవరూ ఎరగరు.

సరంగు మంచివాడు గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఓ రోజు కింది వంపు దగ్గర ఎవరిదో పడవ ఇసుకలో కూరుకుపోతే లాగడానికి వెళ్ళాడు. వస్తూ వస్తూ తడిగుడ్డలో చుట్టి ఓ పువ్వు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. మెట్టతామర పువ్వు. పసుపు మీద ఎర్రచుక్కలు, అంచున కాస్త నారింజ మెరుపు. రెండు రకాలు పక్కపక్కన పెంచి, గింజ కట్టించి, ఏరి ఏరి ఈవిడ తయారుచేసుకున్న రంగు అది. ఇంకెక్కడా ఉండదు.

ఇది మా మడిలోది, విరిగిపోయిన మడిలోది, అవతల మేట మీద పూసుంటుంది, దానికేం, అంది మొక్కలత్త.

"అవతల మేట మీద ఒక్క మెట్టతామర కూడా లేదత్తా. నేను రోజూ దిగే చోటే కదా. ఇది మన వైపుదే. కింది వంపులో కొత్తగా లేచిన మేట మీద గుబురుగా పూసి ఉంది," అన్నాడు సరంగు.

మొక్కలత్త చెయ్యి చాచి అందుకుంది. పువ్వు అటూ ఇటూ తిప్పి చూసింది. లేచి చెప్పులు వేసుకుంది. పద, చూపించు, అంది.

పడవ ముందు అవతలి రేవుకు వెళ్ళి మనుషుల్ని దించింది. ఈవిడ పడవలోంచి కాలు కింద పెట్టలేదు. నీళ్ళ అంచుకు వచ్చి ఎక్కడికని అడిగి, సంగతి విన్న ఆడపడుచు మొహం పాలిపోయింది. ఈ ఎండలో ఎందుకు వదినా, పూలు ఎక్కడైనా పూస్తాయి, తర్వాత చూద్దాంలే, అని ఏవేవో చెప్పింది. ఈవిడ వినకపోయేసరికి కొట్టుకు తాళం కూడా వేయకుండా తనూ ఎక్కి కూర్చుంది. దారంతా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. అందుకని సరంగే ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడాడు.

వంపు దాటాక నది కొంతదూరం తిన్నగా పోయి ఈసారి రెండోవైపుకు ఒంగుతుంది. అక్కడ లోపలివైపు అంటే మొక్కలత్త ఇల్లున్న ఒడ్డే. నీళ్ళలోంచి ఓ పొడుగాటి మేట లేచి ఉంది. దూరంనుంచే ఆవిడకు రంగు కనిపించింది. తోకవైపంతా ఎర్రగా ఉంది. పెద్దగా ఏమీ వెలవలేదు.

దిగింది. చీలమండల దాకా దిగబడుతూ నడిచింది. మెట్టతామరలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒడ్డు విరిగినప్పుడు దుంపలతో సహా కొట్టుకొచ్చి మేట తల దగ్గర తట్టుకుని, అక్కడే వేళ్ళూనుకుని పిలకలు వేశాయి. వాటి మొదళ్ళ దగ్గర నీళ్ళు నెమ్మదించి ఇంకాస్త మట్టి ఆగింది. ఆ మట్టిలో ఇంకాసిని పిలకలు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ పలకరించలేదు. అయినా దిట్టంగా ఉన్నాయి. అరిగి గుండ్రమైన ఇటుక ముక్కలు కొన్ని ఇసుకలో దొరికాయి. మేస్త్రీ మెట్లవో, ఇంకెవరి ఇంటివో చెప్పలేం. ఓ కుండీ పెంకు మాత్రం చెప్పగలిగింది. దాని మీద నీలం గీత ఉంది.

మొక్కలత్త ఆ పెంకు చేతిలోకి తీసుకుని బొటనవేలితో గీత తుడిచింది. పెరడంతా ఇక్కడే ఉంది. అవతలికి ఒక్క పిడికెడు కూడా వెళ్ళలేదు. మరి అవతలినుంచి వచ్చినదేమిటి? ఆ ఆలోచన అక్కడికి వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఆడపడుచు పడవ పక్కనే, మోకాలి లోతు నీళ్ళలో, తప్పుచేసి దొరికిపోయిన పిల్లలా నిలబడి ఉంది.

"మరి ఆ గోతాల్లో ఎవరి మట్టే?"

"ఏమో వదినా. పైన ఎక్కడో ఎవరిదో పెరడు. నాకేం తెలుసు."

"మాది కాదని నీకు ముందే తెలుసా?"

"అన్నయ్య ఆ మాట అన్న రోజే తెలుసు. అన్నయ్యకీ తెలుసు. నువ్వు ఏడుస్తున్నావని అన్నాడు."

"ఇన్నేళ్ళూ తిన్నావు తిన్నావు అని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టానే. చెప్పలేదేం?"

ఆడపడుచు తల ఎత్తి చూసింది. "నీది కాదంటే పుచ్చుకునేదానివా?" అంది.

మొక్కలత్త పెంకు కొంగున ముడేసుకుని పడవెక్కి, ఇంటికి పోనీ, అంది. సరంగు కూడా నోరు మూసుకున్నాడంటే మీరే అర్థం చేసుకోండి.

తర్వాత కొన్నాళ్ళు ఆవిడ మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళను కిటికీ ఎటువైపుందని కూడా అడగలేదు. ముందు కోపం వచ్చింది. ఇద్దరూ కలిసి తనను చంటిపిల్లను చేశారని మేస్త్రీ మీదా, ఆడపడుచు మీదా పీకల దాకా వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. గిన్నెలో మొలక పెట్టి పంపితే తప్ప నిద్రపట్టని మనిషి, పెంచిన ప్రతి మొక్కనూ ఒకరు ఊరికే ఇచ్చిన మట్టిలోనే పెంచింది. వేళ్ళతో నలిపింది, దాని మీద గొప్పలు పోయింది, ఇచ్చినదాన్ని పట్టుకుని తిట్టింది. ఆ ఇచ్చిన మనిషి ఒక్క మాట అనలేదు. చిన్నప్పుడు తిన్న ముద్దలకు ఎన్ని మాటలు పడిందో ఆవిడకు బాగా గుర్తు. ఇన్ని గోతాలకు ఒక్క మాట పడలేదు. పైగా ఇచ్చిన మనిషే తన చేత మాటలు పడింది. ఆ సంగతి తట్టేసరికి అంట్ల పందిరి కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోపం వచ్చి కాదు, ఆడపడుచు మీద ప్రేమ ముంచుకొచ్చి ఏడ్చింది.

అప్పుడే దబ్బుమంది. మెట్టతామర మడిలో మిగిలినదీ, నీళ్ళతొట్టీ పోయాయి. వంటింటి గోడ బయటి మూల గాల్లో నిలిచింది. మొక్కలత్త అలవాటు చొప్పున చివరికంటా వెళ్ళింది. చేతులు నడుం మీదికి వెళ్ళాయి. అవతల ఆడపడుచు కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. ఆడపడుచు తిట్టుకోసం చూసి చూసి, ఏదీ రాకపోయేసరికి, గుడ్డ ఊపాలో వద్దో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నదికి ఇటూ అటూ ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు అలా దిక్కుతోచక నిలబడ్డారు.

మర్నాడు పడవలో గోతం వచ్చింది. సరంగు దించి, ఈసారి ఏమీ చెప్పమనలేదత్తా, అన్నాడు. మొక్కలత్త దాని ముడి విప్పలేదు. లోపలికి వెళ్ళి, ఇన్నేళ్ళుగా ఉతికి మడతపెట్టి దాచిన ఖాళీ గోతాల్లోంచి గట్టిదొకటి ఏరి తెచ్చింది. పార పట్టుకుని, పెరట్లో మిగిలిన చోట పైపొర చెక్కేసి, లోపలి ఎర్రమట్టి తవ్వి దాన్ని నింపింది. మూతికి పురికొస బిగించింది. తర్వాత సరంగును పిలిచి, కుండీలన్నీ ఎక్కించు, ఒక్కటి పగిలినా నీ సంగతి చెబుతా, అంది. వాడు సంతోషం పట్టలేక ఒకటి అప్పుడే పగలగొట్టాడు.

కుండీలు, అంటుమొక్కలు, వంటసామాను, మేస్త్రీ తాపీ, విప్పని గోతం, కట్టిన గోతం. పడవ మోయగలిగినంత బరువైంది. అవతలి రేవులో మొక్కలత్త కాలు కింద పెట్టింది. పెట్టి చుట్టూ చూసింది. మొన్న పడవలో కూర్చుని పువ్వు తప్ప వేరే ఏమీ చూడలేదు గానీ, తను ఎప్పుడో దిగిన రేవు కాదు అది. అప్పట్లో కొట్టు నీళ్ళ అంచునే ఉండేది, పడవ దిగితే బల్ల మీద కూర్చోవడమే. ఇప్పుడు కొట్టు ఎక్కడో దూరంగా, మేట అవతల ఉంది. నడుమంతా కాలే ఇసుక, దాని మీద పరిచిన చెక్కపలకలు. దిగినవాళ్ళు అటు నడవలేక కింది దారిన పోతున్నారు. ఆ పలకల మీదుగా నడిచి వెళితే కొట్టు ముందు బల్లలు ఖాళీగా ఉన్నాయి. నది తింటే తన ఒడ్డునొక్కదాన్నే తిన్నదనుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ మేట వేసి వేసి నది కొట్టుకే దూరమైపోయింది. ప్రతి గోతానికీ ఇంత దూరం, ఒండ్రు కోసం మేట తోక దాకా నడిచి, తవ్వి, మోసుకొచ్చి పడవెక్కించిందన్నమాట ఈ పిల్ల. పిల్లేమిటి, జుట్టంతా నెరిసింది. ఆ మాట కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చప్పుడు విని ఆడపడుచు బయటికి వచ్చింది. వదినను తన గుమ్మంలో చూసి అక్కడే ఆగిపోయింది. మొక్కలత్త సరంగు భుజంమీది గోతం దింపించి, ముడి లాగి, గుమ్మం పక్కన ఆ తెల్లటి ఇసుక మీద బోర్లించింది. ఎర్రమట్టి కుప్పగా పడింది.

"తిను," అంది. "ఇది నిజంగా నాదే."

ఆడపడుచు నవ్వబోయి ఏడ్చింది. ఏడ్వబోయి నవ్వింది. ఏం చేయాలో తెలియక లోపలికి పరిగెత్తి టీ పెట్టింది. ఈలోగా మొక్కలత్త విప్పని గోతం తనే విప్పి, ఆ ఒండ్రును ఈ ఎర్రమట్టిలో కలిపి చేత్తో నలిపి, ఓ కుండీలో తెచ్చిన మెట్టతామర దుంపలు గుమ్మానికి రెండువైపులా పాతేసింది. గది ఎటువైపుంది, కిటికీలో ఎండ పొద్దున పడుతుందా సాయంత్రమా, అని అడిగింది. ఆడపడుచు ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది.

ఖాళీ బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మొక్కలత్త టీ తాగి, పంచదార తక్కువైందంది. ఇంకాస్త పోయించుకుని అదీ తాగింది. చుట్టూ అన్ని మొలకలున్నాయి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. గ్లాసు ఖాళీగా వెనక్కిచ్చింది.